ఫెడరల్ కేసులో లాయరు

అమెరికాలో నేరాలను విచారించే కోర్టులు రెండు రకాలు. ఒకటి, రాష్ట్రాల కోర్టులు. రెండోది, దేశ ప్రభుత్వం నడిపే ఫెడరల్ కోర్టులు. కొట్లాట, చిల్లర దొంగతనం, తాగి కారు నడపడం లాంటివి మామూలుగా రాష్ట్ర కోర్టులోనే తేలిపోతాయి. వీసా కాగితాల్లో మోసం, పన్ను ఎగవేత, ప్రభుత్వ వైద్య బీమా అయిన మెడికేర్‌కు దొంగ బిల్లులు పెట్టడం లాంటివి ఫెడరల్ కోర్టు మెట్లెక్కుతాయి. అక్కడి తెలుగువాళ్లు ఎక్కువగా సాఫ్ట్‌వేర్‌లో, వైద్యంలో, కన్సల్టెన్సీల్లో, చిన్న వ్యాపారాల్లో ఉన్నారు. ఉద్యోగం వల్లనో వ్యాపారం వల్లనో చిక్కు వస్తే అది ఫెడరల్ కేసు కావడానికే అవకాశం ఎక్కువ. అందుకే ఈ ప్రసంగం ఆ కోర్టు గురించి, ఆ కోర్టులో నిందితుడి పక్కన నిలబడే లాయరు గురించి.

ఫెడరల్ కేసుకు ఒక లక్షణం ఉంది. అది నిదానంగా తయారవుతుంది. వీధిలో గొడవ జరిగితే పోలీసులు ముందు అరెస్టు చేస్తారు, ఆధారాలు తరవాత వెతుక్కుంటారు. ఫెడరల్ అధికారులు చాలాసార్లు దీనికి తలకిందులుగా పనిచేస్తారు. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి, బ్యాంకు లెక్కలు తెప్పించుకుంటారు. ఈమెయిళ్లు చదువుతారు. తోటి ఉద్యోగులను పిలిచి అడుగుతారు. ఆ తరవాతే నిందితుడి తలుపు తడతారు. తలుపు తట్టేనాటికే ఫైలు సగానికి పైగా సిద్ధమై ఉంటుంది. అందుకని లాయరు అవసరం కోర్టుకు వెళ్లే రోజున మొదలుకాదు. తలుపు చప్పుడైన రోజునే మొదలవుతుంది.

ఆ రోజున ఏం జరగవచ్చో చెప్పడానికి అసలైన కేసు ఒకటి ఉంది. 1993 అక్టోబరు. జేమ్స్ బ్రోగన్ అనే కార్మిక సంఘం నాయకుడి ఇంటికి ఇద్దరు ఫెడరల్ అధికారులు వచ్చారు. ఒక కంపెనీ వ్యవహారంలో సహకరించమన్నారు. ఇష్టమైతే లాయరు ద్వారా మాట్లాడవచ్చని, లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే కోర్టు ఇస్తుందని కూడా చెప్పారు. తరవాత, కొన్ని ప్రశ్నలున్నాయి, అడగవచ్చా అన్నారు. ఆయన సరేనన్నాడు. ఆ కంపెనీ నుంచి డబ్బుగానీ కానుకలుగానీ తీసుకున్నారా అని అడిగారు. ఆయన లేదన్నాడు. అంతే, ఒక్క మాట. కానీ ఆయన డబ్బు తీసుకున్నట్టు కంపెనీ రికార్డులు అప్పటికే అధికారుల దగ్గర ఉన్నాయి. డబ్బు తీసుకోవడం ఒక నేరమైంది. లేదనడం ఇంకో నేరమైంది. భయంతో నోరు జారి లేదన్నంత మాత్రాన నేరమా అని సుప్రీంకోర్టు దాకా వాదించారు. 1998లో కోర్టు, అవును, నేరమే అని తేల్చింది. ఫెడరల్ అధికారికి తెలిసి చెప్పిన అబద్ధానికి మామూలుగా అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. ప్రమాణం చేయించి అడగనక్కరలేదు. కోర్టులో అడగనక్కరలేదు. ఇంటి గుమ్మంలో అడిగినా చాలు.

శ్రోతలు ఈ ప్రసంగంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలనుకుంటే, ఆ మాట ఇది. అబద్ధం ఆడకూడదు. లాయరు లేకుండా మాట్లాడకూడదు. మాట్లాడకపోవడం హక్కు. అబద్ధం ఆడటం నేరం. ఈ రెండింటి మధ్య తేడా తెలియకే చాలామంది, తప్పేమీ లేకపోయినా, కేసులో ఇరుక్కుంటారు.

సినిమాల్లో అధికారి బేడీలు వేస్తూ హక్కులు చదివి వినిపిస్తాడు. ఇంటి గుమ్మంలో అది జరగదు. ఆ హెచ్చరిక, మనిషిని అదుపులోకి తీసుకుని ప్రశ్నించేటప్పుడే తప్పనిసరి. సోఫాలో కూర్చుని కాఫీ తాగుతూ మాట్లాడేటప్పుడు తప్పనిసరి కాదు. ఇంట్లో జరిగే ఆ మాటలను ఎఫ్‌బీఐ అధికారులు చాలావరకు రికార్డు కూడా చేయరు. ఒకరు అడుగుతారు, ఇంకొకరు రాసుకుంటారు, ఆఫీసుకు వెళ్లి నివేదిక తయారుచేస్తారు. తరవాత కోర్టులో ఎవరేమన్నారో చెప్పేది ఆ నివేదికే. అందుకని మర్యాదగా ఒక్క వాక్యం చెప్పి ఊరుకోవడం మంచిది. లాయరుతో మాట్లాడాక సమాధానం చెబుతాను. అంతే. అధికారుల కార్డు తీసుకుని దాచుకోవాలి. సర్చ్ వారెంటు చూపిస్తే అడ్డుపడకూడదు. కాగితాలు చించడం, ఫోన్‌లో మెసేజ్‌లు చెరిపేయడం అసలే చేయకూడదు. ఫెడరల్ దర్యాప్తును దెబ్బతీయాలని రికార్డులు మాయం చేస్తే ఇరవయ్యేళ్ల దాకా శిక్ష పడే సెక్షన్ ఉంది. అసలు నేరం కంటే ఇదే పెద్దదైన సందర్భాలున్నాయి.

ఒక్కోసారి తలుపు తట్టే బదులు ఉత్తరం వస్తుంది. దర్యాప్తు గురి మీరేనని ప్రాసిక్యూటర్ ఆఫీసు నుంచి రాసే ఉత్తరం. దాన్ని చూసి గుండె ఆగినంత పనవుతుంది గానీ, నిజానికి అది దొరికిన వ్యవధి. అభియోగం ఇంకా నమోదు కాలేదని అర్థం. అలాంటి ఉత్తరం రాకపోయినా, ఈ దశలో మంచి లాయరు ప్రాసిక్యూటర్‌తో మాట్లాడి, తన కక్షిదారు కేవలం సాక్షా, అనుమానితుడా, అసలు గురి అతనేనా అన్నది తెలుసుకోగలడు. కొన్నిసార్లు అభియోగాన్ని తగ్గించగలడు. అరుదుగా, కేసే లేకుండా చేయగలడు. గ్రాండ్ జ్యూరీ అభియోగపత్రం ఇచ్చాక ఈ వెసులుబాటు బాగా తగ్గిపోతుంది. గ్రాండ్ జ్యూరీ గదిలో 16 నుంచి 23 మంది పౌరులు కూర్చుంటారు. వాళ్ల ముందు మాట్లాడేది ప్రాసిక్యూటర్, సాక్షులే. నిందితుడి లాయరుకు ఆ గదిలోకి ప్రవేశం లేదు.

అరెస్టయితే వెంటనే, సాధారణంగా ఆ రోజోగాని మరునాడోగాని, మేజిస్ట్రేట్ జడ్జి ముందు హాజరుపరుస్తారు. ఇక్కడ తేలాల్సింది నేరం చేశాడా లేదా అన్నది కాదు. విచారణ ముగిసేదాకా ఇంట్లో ఉంటాడా, జైల్లో ఉంటాడా అన్నది. ఫెడరల్ కోర్టులో బెయిలంటే డబ్బు కట్టి బయటికి రావడం అనుకోకూడదు. జడ్జి రెండు విషయాలు చూస్తాడు. మనిషి పారిపోతాడా, ఇతరులకు ప్రమాదమా. భారత పాస్‌పోర్టు, గుంటూరులో తల్లిదండ్రులు, హైదరాబాదులో ఫ్లాటు ఉన్న మనిషి గురించి ప్రాసిక్యూటర్ ఏమంటాడో ఊహించడం కష్టం కాదు. విమానం ఎక్కితే దొరకడంటాడు.

ఉదాహరణకు, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఒక చిన్న కన్సల్టెన్సీ యజమాని అరెస్టయ్యాడనుకుందాం. ప్రాసిక్యూటర్ అడిగితే బెయిలు మీద వాదన మూడు పనిదినాలు వాయిదా పడవచ్చు. ఆ మూడు రోజుల్లో లాయరు చేసే పనిలోనే అతని పనితనం తెలుస్తుంది. ఇంటి కాగితాలు తెప్పించాలి. పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో రాయించాలి. పాస్‌పోర్టు కోర్టుకు అప్పగించడానికి సిద్ధం చేయాలి. పూచీకత్తు మీద సంతకం పెట్టే బంధువును, మాట తప్పితే తన ఇల్లు పోతుందని తెలిసీ పెట్టే బంధువును, వెతికి కోర్టులో కూర్చోబెట్టాలి. ఈలోగా ప్రీట్రయల్ సర్వీసెస్ అనే విభాగం అధికారి వచ్చి నిందితుడిని ఉద్యోగం, ఆస్తి, కుటుంబం గురించి అడుగుతాడు. ఆ సంభాషణకు ముందే లాయరు రావాలి. ఇది తెలిసిన లాయరు జైలుకు పరిగెత్తుకొస్తాడు. తెలియనివాడు సోమవారం వస్తానంటాడు.

ఇక అలాంటి లాయరు ఎక్కడ దొరుకుతాడు?

డబ్బు లేనివాళ్లకు కోర్టే ఇస్తుంది. అమెరికా రాజ్యాంగం ఆరో సవరణ నిందితుడికి లాయరు హక్కు ఇచ్చింది. లాయరును పెట్టుకోలేని నిందితుడికి ఫెడరల్ కోర్టు లాయరును సమకూర్చాలని 1938లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లాయర్లకు ప్రభుత్వం ఫీజు ఇచ్చే చట్టం 1964లో వచ్చింది. నిందితుడు ఆదాయం, ఆస్తి వివరాలు రాసి సంతకం పెట్టాలి. అందులో అబద్ధం రాస్తే అదీ నేరమే. పౌరుడా, గ్రీన్ కార్డా, హెచ్1బీనా అన్నదాంతో ఈ హక్కుకు సంబంధం లేదు.

ఉచితంగా వచ్చే లాయరు ఏం వాదిస్తాడులే అన్న చులకన మనవాళ్లలో బాగా ఉంది. ఫెడరల్ కోర్టుల విషయంలో అది తప్పు. ఫెడరల్ పబ్లిక్ డిఫెండర్లు చేసేది ఆ పని ఒక్కటే. రోజూ అదే భవనంలో, అదే జడ్జిల ముందు. ఏ జడ్జికి ఏ వాదన నచ్చుతుందో, ఏ ప్రాసిక్యూటర్ ఎంతవరకు దిగుతాడో వాళ్లకు తెలిసినంతగా చాలామంది ఖరీదైన లాయర్లకు తెలియదు. ఒకటే ఇబ్బంది. ఫలానా లాయరే కావాలని అడిగే హక్కు ఉండదు.

ఇక్కడ ఒక భేదం గట్టిగా చెప్పాలి. ఉచిత లాయరు హక్కు క్రిమినల్ కేసుకే. ఇమ్మిగ్రేషన్ కేసుకు లేదు. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడినప్పుడు తెలుగు ఇళ్లకు ఈ భేదం బాధాకరంగా తెలిసొచ్చింది. మిషిగన్‌లోని ఆ యూనివర్సిటీని అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ అధికారులే ఎర వేయడానికి తెరిచారు. విద్యార్థులను చేర్పించారన్న ఆరోపణ మీద ఎనిమిదిమందిపై డెట్రాయిట్ ఫెడరల్ కోర్టులో క్రిమినల్ కేసు పెట్టారు. వాళ్లకు లాయరు రాజ్యాంగ హక్కు. అందులో చేరిన విద్యార్థులను మాత్రం ఎక్కువగా ఇమ్మిగ్రేషన్ చట్టం కింద పట్టుకున్నారు. అది చట్టం దృష్టిలో సివిల్ వ్యవహారం. లాయరును పెట్టుకోవచ్చు, కానీ ఖర్చు తమదే. ఒకే వ్యవహారం, రెండు కోర్టులు, రెండు రకాల హక్కులు. అప్పుడు భారత రాయబార కార్యాలయం రాత్రింబగళ్లు పనిచేసే హెల్ప్‌లైను పెట్టింది. తెలుగు సంఘాలు లాయర్ల కోసం పరుగులు పెట్టాయి.

సొంతంగా లాయరును పెట్టుకునేవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. వాట్సాప్ గ్రూపులో అడుగుతారు. ఎవరో ఒక పేరు చెబుతారు. ఆయన హెచ్1బీ చేయించిన అటార్నీ అవుతాడు, లేదా ఇల్లు కొన్నప్పుడు కాగితాలు చూసిన అటార్నీ అవుతాడు. మంచివాడే, తెలుగు కూడా వచ్చు. కానీ ఫెడరల్ క్రిమినల్ కోర్టులో ఒక్క కేసూ వాదించి ఉండడు. పరిచయం వేరు, అనుభవం వేరు. అమెరికాలో 94 ఫెడరల్ జిల్లాలున్నాయి. ఆ జిల్లాలో, ఆ కోర్టులో పని చేసిన లాయరు కావాలి.

అడగాల్సిన ప్రశ్నలు సూటిగా అడగాలి. ఈ కోర్టులో ఈ రకం కేసులు చేశారా? జ్యూరీ ముందు విచారణ చివరిదాకా నడిపారా? పని మీరే చేస్తారా, జూనియర్‌కు ఇస్తారా? చాలామంది మంచి డిఫెన్స్ లాయర్లు ఒకప్పుడు ఫెడరల్ ప్రాసిక్యూటర్లుగా పనిచేసినవాళ్లే. అది కలిసొచ్చే విషయం గానీ, అదొక్కటే చాలదు. లాయరు చెప్పింది నిజమో కాదో చూసుకోవడం కష్టం కాదు. లైసెన్సు ఉందా, క్రమశిక్షణ చర్యలు ఏమైనా ఉన్నాయా అన్నది రాష్ట్ర బార్ వెబ్‌సైటులో కనిపిస్తుంది. వాదించిన కేసులు పేసర్ అనే కోర్టు రికార్డుల వ్యవస్థలో, కొద్దిపాటి రుసుముతో, ఎవరైనా చూడవచ్చు. గెలిపించి తీరుతానని హామీ ఇచ్చే లాయరు దగ్గర మాత్రం కుర్చీలోంచి లేచి రావడమే మంచిది.

లాయరుతో మాట్లాడిన మాటలు రహస్యం. చివరికి ఆ లాయరును పెట్టుకోకపోయినా రహస్యమే. కానీ ఆ గదిలో బావమరిదో స్నేహితుడో కూర్చుంటే ఆ రహస్యం చెదిరిపోవచ్చు. తోడు రావడం మంచిదే, తోడు వచ్చినవాళ్లు బయట కూర్చోవడం ఇంకా మంచిది. ఇంగ్లిషు ఇబ్బందయితే లాయరు ఏర్పాటు చేసిన దుబాసీని పెట్టుకోవాలి. కోర్టులో అయితే దుబాసీని కోర్టే ఇస్తుంది, ఖర్చు నిందితుడిది కాదు. జైలు నుంచి ఇంటికి చేసే ఫోన్లు రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడుకుంటే ఎవరికి అర్థమవుతుందిలే అనుకోవడం అమాయకత్వం. ప్రభుత్వానికీ అనువాదకులున్నారు. నెల్లూరు నుంచి ఫోన్‌లో ఏడుస్తూ, అసలేం జరిగిందిరా అని అడిగే తల్లికి కూడా కేసు గురించి ఏమీ చెప్పకూడదు. కష్టమే. కానీ చెప్పకూడదు.

లాయరు ఎవరి మనిషి అన్నది ఇంకో పెద్ద ప్రశ్న. కంపెనీ మీద దర్యాప్తు వచ్చినప్పుడు కంపెనీ లాయరు ఉద్యోగితో ఎంతో ఆదరంగా మాట్లాడతాడు. కానీ అతను కంపెనీ లాయరు. ఉద్యోగి చెప్పింది రేపు ప్రభుత్వానికి చెప్పాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. అన్నదమ్ములిద్దరూ నిందితులైతే ఫీజు కలిసొస్తుందని ఒకే లాయరును పెట్టుకుంటారు. రేపు తమ్ముడు ప్రభుత్వంతో ఒప్పందానికి సిద్ధపడితే ఆ లాయరు ఎవరి పక్షం? ఫెడరల్ కోర్టు నియమాల ప్రకారం జడ్జి ఇద్దరినీ పిలిచి, ఈ ప్రమాదం మీకు తెలుసా అని అడగాలి. డబ్బు మామగారు కట్టినా లాయరు మాత్రం అల్లుడి మనిషే. కేసు ఎలా నడపాలో మామగారు చెప్పకూడదు, లాయరు వినకూడదు.

ఫీజు గురించి రెండు మాటలు. కొందరు గంటకింతని తీసుకుంటారు. కొందరు దశకింతని, లేదా కేసు మొత్తానికింతని మాట్లాడుకుంటారు. ఏదైనా కాగితం మీద ఉండాలి. విచారణ ఖర్చు అందులో ఉందా, అప్పీలు ఉందా, లెక్కల నిపుణుల ఫీజు ఉందా అన్నది సంతకానికి ముందే తేలాలి. గెలిస్తే ఇంత అనే ఒప్పందం క్రిమినల్ కేసుల్లో నిషిద్ధం. పదివేల డాలర్లకు మించి నగదు తీసుకుంటే లాయరు ప్రభుత్వానికి తెలియజేయాలి కాబట్టి నగదు మూటలు పనికిరావు. నేరం వల్ల వచ్చిందని ప్రభుత్వం చెప్పే డబ్బుతో లాయరు ఫీజు కట్టడానికీ వీల్లేకపోవచ్చు. నేరంతో సంబంధం లేని సొంత డబ్బును మాత్రం ఫీజుకు అందకుండా స్తంభింపజేయకూడదని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది.

పౌరసత్వం లేనివాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటి మిగిలింది. జే లీ అనే ఆయన 13వ ఏట తల్లిదండ్రులతో దక్షిణ కొరియా నుంచి అమెరికా వచ్చాడు. గ్రీన్ కార్డు మీద బతికాడు. మెంఫిస్‌లో రెండు రెస్టారెంట్లు పెట్టాడు. మత్తు మాత్రల కేసులో ఫెడరల్ కోర్టుకు వెళ్లాడు. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేస్తారా అని లాయరును పదేపదే అడిగాడు. లాయరు, అలాంటిదేమీ ఉండదన్నాడు. కోర్టులో జడ్జి, ఈ నేరం ఒప్పుకుంటే దేశం విడిచి వెళ్లాల్సి రావచ్చు, అది మీ నిర్ణయాన్ని మారుస్తుందా అని అడిగింది. లీ అవునన్నాడు. ఎలా అని అడిగితే అర్థంకాక లాయరు వైపు తిరిగాడు. అది అందరికీ చెప్పే మామూలు హెచ్చరికేనని లాయరు సర్దిచెప్పాడు. లీ ఒప్పుకున్నాడు. ఏడాదీ ఒక్క రోజు శిక్ష పడింది. తరవాత తెలిసింది, ఆ నేరానికి దేశ బహిష్కరణ దాదాపు తప్పనిసరని. ఎనిమిదేళ్లు పోరాడితే 2017లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది.

అందుకని గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, వీసా మీద ఉన్నవాళ్లు క్రిమినల్ లాయరుతో పాటు, నేరం వల్ల వచ్చే బహిష్కరణ సంగతి తెలిసిన ఇమ్మిగ్రేషన్ లాయరును కూడా సంప్రదించాలి. నేరం ఒప్పుకునే ఒప్పందం మీద సంతకం పెట్టకముందే సంప్రదించాలి. మోసం కేసులో ఒప్పంద పత్రంలో నష్టం పదివేల డాలర్లు దాటిందని రాస్తే చాలు, ఇరవయ్యేళ్ల గ్రీన్ కార్డు పోవచ్చు. జైలు శిక్ష లేకపోయినా పోవచ్చు. ఒక్క అంకె.

ఈ జాగ్రత్త ఎందుకంటే, ఫెడరల్ నిందితుల్లో పదిమందికి సుమారు తొమ్మిదిమంది విచారణ దాకా వెళ్లరు. నేరం ఒప్పుకుంటారు. అంటే చాలా కేసుల్లో లాయరు అసలు పని జ్యూరీ ముందు కాదు, ప్రాసిక్యూటర్ బల్ల ముందు, ఆ తరవాత శిక్ష వేసే రోజున. ఫెడరల్ శిక్షలకు ఒక పట్టిక ఉంది. నేరం తీవ్రతకు 43 మెట్లు, పాత నేరచరిత్రకు ఆరు గడులు. 2005 నుంచి జడ్జి దానికి కట్టుబడి ఉండనక్కరలేదు గానీ, మొదట చూసేది దాన్నే. ఫెడరల్ వ్యవస్థలో పెరోల్ ఎప్పుడో ఎత్తేశారు. మంచి నడవడికకు ఏడాదికి గరిష్ఠంగా 54 రోజులు తగ్గుతాయి, అదీ శిక్ష ఏడాది దాటితేనే. జే లీకి పడినలాంటి ఏడాదీ ఒక్క రోజు శిక్షల లెక్క ఇదే. పట్టికలో ఒక్కో మెట్టు కోసం పోరాడే ఓపిక లాయరుకు ఉందా అన్నది మొదటి సమావేశంలోనే అడిగి తెలుసుకోవాలి.

విదేశీయుడు అరెస్టయితే తన దేశ కాన్సులేట్‌కు తెలియజేయమని కోరే హక్కు ఉంది. భారత కాన్సులేట్ లాయరు కాదు, కోర్టులో వాదించదు. లాయర్ల వివరాలు ఇవ్వగలదు, జైల్లో వచ్చి చూడగలదు, ఇంటికి కబురు చేయగలదు. దూరాన ఉన్న తల్లిదండ్రులకు అదీ తక్కువ కాదు.

తీర్పు వచ్చాక కూడా ఒక గడువుంది. అప్పీలు చేయదలిస్తే నోటీసు 14 రోజుల్లో కోర్టులో పడాలి. అప్పీలు చేయమని నిందితుడు చెప్పినా లాయరు ఆ నోటీసు వేయకపోతే అది లాయరు తప్పేనని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి శిక్ష పడిన రోజునే, కోర్టు దాటకముందే, అప్పీలు కావాలా వద్దా అన్నది లాయరుకు రాతపూర్వకంగా చెప్పి, ఆ కాగితం నకలు ఇంట్లో ఉంచుకోవాలి.